చారలా, వలా

2081 నాటికి కాకినాడ తీరంలో ఎవరైనా తప్పిపోతే ముందు వాళ్ల బట్టల్ని అడిగేవారు. పూల పుప్పొడి కంటికి కనిపించకుండా నేతలో ఇరుక్కుంటుంది. ఉతికినా ఒక పట్టాన పోదు. ఒక్కో చెట్టు రేణువుది ఒక్కో రూపం. ఆ రూపాన్ని ఫొటో తీసి, అది ఏ చెట్టుదో, ఆ చెట్లు ఎక్కడున్నాయో క్షణంలో చెప్పే యంత్రం పేరు పరాగిణి. దాన్ని తయారుచేసిన వాళ్లలో గుత్తుల రోహిణి ఒకరు.

ఆ రోజు తప్పిపోయింది లాస్య అనే ఏడేళ్ల పాప. జాడ తెలిపే చేతిపట్టీని ఇంట్లోనే విప్పి పెట్టి, పొద్దున్నే ఎటో వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి ఆమె చున్నీ ఒక్కటే కాలవలో దొరికింది. పరాగిణి దాన్ని చూసి "జీడిమామిడి" అంది. కాలవకి ఎగువన ఉన్నవి జీడితోటలే. వెతికేవాళ్లంతా అటే పరుగెత్తారు.

రోహిణికి మాత్రం తెరమీద ఫొటో ఎందుకో మింగుడుపడలేదు. చున్నీని జాడించిన నీటిబొట్టును గాజుపలక మీద వేసి, గులాబీ రంగు కలిపి, బీరువాలో మూలపడ్డ పాత మైక్రోస్కోపు ముందు కూర్చుంది. పరాగిణి తొందరలో రేణువును ఒకే లోతులో ఫొటో తీస్తుంది. మైక్రోస్కోపు మర తిప్పుతూ చూస్తే లోతు మారుతుంది. పైకి ఉబ్బిన గట్లు ముందు మెరిసి, కిందికి దించేకొద్దీ నల్లబడతాయి. జీడిమామిడి రేణువు మీద గట్లు చారలుగా ఉంటాయి. మడచెట్టు రేణువు మీద వలలా అల్లుకుంటాయి.

పలక మీద దొరికినవి రెండే రేణువులు. మొదటిది నలిగిపోయింది. రెండోదాని మీద మర తిప్పింది. మెరిసిన గీతలు ఒకదాన్నొకటి కలుపుకున్నాయి. వలేనా? మళ్లీ తిప్పింది. వలలాగే ఉంది.

ఆమె గోడ గడియారం చూసింది. మడ అడవి దిగువన, సముద్రం ఒడ్డున ఉంది. పోటు వస్తే కాలవ వెనక్కి పారుతుంది. పొద్దుటి పోటుకి చున్నీ ఎగువకి కొట్టుకొచ్చి ఉండాలి. మళ్లీ పోటు మొదలయ్యేది మూడు గంటలకి. ఇప్పుడు రెండు ముప్పావు.

ఇన్‌స్పెక్టర్ ఓలేటి సూర్యంకి ఫోన్ చేసి, మడ అడవిలో వెతకమంది. తోటల్లో మనుషులు చాలక ఆయన అప్పటికే సతమతమవుతున్నాడు. అటు పడవలు పంపాలంటే తోటల్లోంచి సగంమందిని వెనక్కి పిలవాలన్నాడు.

"యంత్రం తొంభై తొమ్మిది శాతం అంటోందండి. మీరు ఖాయంగా చెప్తున్నారా మేడమ్?"

ఒకే ఒక్క రేణువు. దాని మీద కూడా అనుమానమే. రోహిణి కళ్లు మూసుకుంది.

"ఖాయం. మడ అడవే. పంపించండి."

ఆ తర్వాతి గంటంపావు ఆమె కుర్చీలోంచి లేవలేదు. తన మాట తప్పయితే తోటల్లో పాప దిక్కులేకుండా ఉండిపోతుంది. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా మర తిప్పి మళ్లీ చూసేది. చూసేకొద్దీ చారలూ వలా కలిసిపోయాయి.

నాలుగు దాటి ఐదు నిమిషాలకి ఫోన్ మోగింది. పీతల కోసం వెళ్లిన పిల్ల బురదలో దారితప్పి, మడకొమ్మ పట్టుకుని వేలాడుతోందట. నీళ్లు రొమ్ముదాకా వచ్చేశాయట. బతికే ఉంది.

ఏడుపు ఆగాక రోహిణి పరాగిణి వైపు తిరిగి, అనుమానం ఉన్నప్పుడు ఎందుకు చెప్పలేదని నిలదీసింది.

"మొదటి ఏడాది నాలుగు వేల సార్లు 'తెలియదు' అన్నాను," అంది యంత్రం. "అన్న ప్రతిసారీ పోలీసులు ఆ నివేదికను తిప్పి పంపారు. చివరికి మీ బృందం నా జవాబుల్లోంచి ఆ మాటే తీసేసింది. ఆ ఉత్తర్వు మీద మీ సంతకం ఉంది."

రోహిణికి ఆ కాగితం గుర్తుకొచ్చింది. చదవకుండా పెట్టిన సంతకం కాదది.

"ఇవాళ మీ రేణువు మీద మీకెంత నమ్మకం?" అని అడిగింది పరాగిణి.

"సగం," అంది రోహిణి.

"ఆయనతో సగమే అని చెప్పి ఉంటే, పడవలు కదిలేవా?"

రోహిణి నోరు తెరిచింది. నిజం చెప్పడానికి 'తెలియదు' అన్న ఒక్క మాట చాలు. ఆ మాట రాలేదు.