సరస్సు నుంచి తిరిగొచ్చిన టెంటు

శనివారం పొద్దున మొదటి బస్సు. కొండ మొదట్లో దిగి ఆరు గంటలు నడిస్తే సరస్సు. రాత్రికి ఒడ్డునే పడుకుని తెల్లారి దిగిరావాలి. వదిన మ్యాపు మీద పెన్సిలుతో దారి గీసింది. ఆవిడ భూగోళం టీచరు. నేను బ్యాగులూ టార్పాలిన్లూ కుట్టేదాన్ని. ఇద్దరిలో ఎవరమూ ఎప్పుడూ కొండెక్కినవాళ్లం కాదు.

ఎక్కినవాడు అన్న. నిరుడు ఒంటరిగా ఆ సరస్సుకే వెళ్లాడు. వెతకడానికి వెళ్లినవాళ్లకు టెంటు దొరికింది, మనిషి దొరకలేదు. ఇక అటు వెళ్లొద్దని అందరూ చెప్పారు. ఎందుకో మాత్రం ఎవరూ చెప్పలేదు. అన్న ఆఖరిసారి పడుకున్న చోటు చూడందే ఊరుకోనన్నాను. వదిన మారుమాట లేకుండా వెళ్లి మ్యాపు కొనుక్కొచ్చింది.

గురువారం సాయంత్రం పనయ్యాక, నా కుట్టు షాపు షట్టరు సగం దించి, వాళ్లు తెచ్చిచ్చిన అన్న టెంటు లోపలే నిలబెట్టాం. ఒక పక్క జానెడు చిరుగు. మాసిక వేసి, కుట్ల మీద మైనం రుద్దాను. కారుతుందేమో చూద్దామని వదిన పైనుంచి మగ్గుతో నీళ్లు పోసింది. లోపలికి చుక్క దిగలేదు.

"బాగా కుట్టావే మొండీ" అంది. నాకు అన్న పెట్టిన పేరది.

అప్పుడొచ్చింది వాసన. నాచు వాసన. ఎప్పుడూ ఎండ తగలని నీళ్ల వాసన. ఫ్యాను ఆపాను. వీధిలో బండ్ల చప్పుడు ఎక్కడికో దూరం జరిగిపోయినట్టయింది.

టెంటు జిప్పు కదిలింది.

పైనుంచి కిందికి... పన్ను తర్వాత పన్ను... మూసుకుంటోంది. జిప్పుకు బయట వేలాడే తాడు కదల్లేదు. ఎవరో లోపలినుంచి లాగుతున్నారు.

వదిన నా మణికట్టు పట్టుకుంది.

లోపల ఊపిరి పీల్చిన చప్పుడు. తర్వాత గుసగుస.

"మొండీ... రావద్దు..."

 నాకు కోపం వచ్చింది. ఏడాదిగా అందరి నోటా ఇదే మాట.

"నీ మాట నేనెప్పుడు విన్నాను అన్నా?" అన్నాను.

వదిన నా చెవి దగ్గరికి వంగింది. "మీ అన్న గొంతు కాదది."

లోపల ఊపిరి ఆగింది. మా మాటలు వింటున్నట్టు.

పదేళ్లు కాపురం చేసిన మనిషి, ఆవిడ పొరబడదు. బల్ల మీది కత్తెర తీసుకున్నాను. జిప్పు ఒక్క లాగున తెరిచాను.

ఎవరూ లేరు. అంతా పొడి గుడ్డ. మధ్యలో మాత్రం, ఒక మనిషి ముడుచుకుని పడుకుంటే ఎంత చోటు పడుతుందో, అంత మేర తడి.

"ఎవరివైతే నాకేం?" అన్నాను ఆ తడితో. "శనివారం వస్తున్నాను. చేతనైతే ఆపు."

"ఇద్దరం వస్తున్నాం" అంది వదిన.  పాతగుడ్డ తెచ్చి, లోపలికి వంగి, ఆ తడి తుడిచేసింది. టెంటు మడిచి సంచిలో బిగించి కట్టాం.

శనివారం బస్సు రాగానే సంచి వీపున వేసుకుని బరువుకు తూలాను. మొన్న ఒంటిచేత్తో ఎత్తిన సంచి అది.

"ఇలా ఇవ్వు, నేను పట్టుకుంటాను" అంది వదిన.

"అక్కర్లేదు."

పళ్లు బిగించి మెట్టెక్కాను. రెండో మెట్టు మీద... సంచిలో ఏదో కదిలింది. ఎత్తుకున్న పిల్లలు నిద్రలో చెంప మార్చుకున్నట్టు, నా వీపుకు ఆనుకుని, మెల్లగా సర్దుకుంది.