మిరియం ఓడ దినచర్యలో ఒక పుట

పన్నెండు కొట్టేలోగా మూడు పనులు కావాలి. ప్రార్థనాలయం గోడ దగ్గర ఉలి నూరుకుంటున్న శిల్పిని ఆపాలి. మిరియం ఓడ దినచర్య పుస్తకాన్ని పుట పుటా చూడాలి. ఇడలీనా లోంబా తండ్రి ఓడ వదిలి పారిపోయాడో, సముద్రంలోనే పోయాడో తేల్చాలి. మొదటి పని ట్రిప్ పూర్తిచేశాడు. పన్నెండు దాటితే తన పని తను చూసుకుంటానని శిల్పి చెప్పేశాడు. అప్పటికే పదిన్నర.

న్యూ బెడ్‌ఫర్డ్‌లో ప్రైవేటు డిటెక్టివ్ హెస్టర్ గిఫర్డ్‌కి ట్రిప్ సహాయకుడు. తాళ్ల మిల్లులో పనిచేసే అరవై నాలుగేళ్ల ఇడలీనా ఆ ఉదయమే సాయం కోరి హెస్టర్ దగ్గరికి వచ్చింది. ఆమె తండ్రి తియోదోరు, మిరియం అనే తిమింగలాల వేట ఓడలో ఈటెగాడు. 1868లో తిరిగిరాలేదు. సముద్రంలో పోయినవాళ్లతో పాటు అతని పేరూ ప్రార్థనాలయం గోడకెక్కింది. నెల కిందట మిరియం కెప్టెన్ మనవడు చెస్టర్ సిసన్, తాత రాసిన దినచర్యను నౌకా గ్రంథాలయానికి ఇచ్చాడు. లోంబా పడవ దొంగిలించి పారిపోయాడని మే తొమ్మిదో తేదీ పుటలో ఉంది. ఆ పేరు చెక్కి తీసేయమని శిల్పికి చెప్పారు ప్రార్థనాలయం పెద్దలు.

“నాన్న పోయాడని మా అమ్మ తను పోయేదాకా నల్లబట్టలే కట్టిందమ్మా,” అంది ఇడలీనా. “పారిపోయినోడి కోసం ఎవరైనా కడతారా?”

గ్రంథాలయంలో, ముప్పై ఏళ్లుగా ఓడ పుస్తకాలే చదువుతున్న ఏకిన్ ఆ దినచర్య ఉన్న పెట్టె తాళం తీశాడు. పుట మారిందంటే ముందు తాళంచెవి ఉన్నవాడినే అనుమానిస్తారని గొణిగాడు. హెస్టర్ పిలిపించిన చెస్టర్ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. చెయ్యి మాటిమాటికీ కోటు లోపలి జేబు మీదికి పోతోంది.

ప్రతి పుటలో మొదటి వాక్యం చదవమంది హెస్టర్. ట్రిప్ గడియారం వంక చూస్తూనే చదివాడు. మధ్యాహ్నం గాలి తగ్గింది. మధ్యాహ్నం చినుకులు. మధ్యాహ్నం తెరచాప చిరిగింది. అలా యాభై పుటలు. మే తొమ్మిది: ఉదయం లోంబా కనిపించలేదు.

హెస్టర్ ఇడలీనాతో సహా అందరినీ బల్ల చుట్టూ చేర్చింది.

“ఏకిన్ గారూ, ఈ ఓడలో రోజు ఎప్పుడు మొదలవుతుంది?”

“నడినెత్తిన సూర్యుణ్ణి కొలిచినప్పుడండీ. మధ్యాహ్నం నుంచి మధ్యాహ్నానికి.” అతని ముఖం పాలిపోయింది. “అయ్యో, ఇది నేనెలా చూడలేదు?”

“ఈ పుట రాసినవాడికి ఆ లెక్క తెలియదు. ఈ పుట ఉదయంతో మొదలై రాత్రితో ముగిసింది. నేల మీద బతికినవాడి రోజిది. మీరే రాసుంటే ఈ తప్పు చెయ్యరు. కాగితం పాతదే, పుస్తకం చివర్లో ఖాళీ పుటలు రెండు కోసేసి ఉన్నాయి, ఇది అక్కడిదే. పుస్తకం చేతిలో ఉండి కూడా ఓడ లెక్క తెలియనివాడు ఒక్కడే.” ఆమె చెస్టర్ వైపు తిరిగింది. “తాత చేతిరాత దిద్దగలిగారు గానీ, అసలు పుట కాల్చడానికి చెయ్యి రాలేదు. ఆ జేబులోదేనా?”

చెస్టర్ జేబులో చెయ్యి పెట్టాడు. నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ట్రిప్ పైకి చదివాడు.

“మధ్యాహ్నం తిమింగలం లోంబా పడవను మంచులోకి ఈడ్చుకుపోయింది. తాడు మా పడవకూ కట్టి ఉంది. నేనే కోశాను. అతను మళ్లీ కనిపించలేదు.”

“ఆయన దాచనిది మీరు దాచారు,” అంది హెస్టర్.

ఇడలీనా ఆ కాగితం మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది. పన్నెండుకు ఇంకా ఏడు నిమిషాలున్నాయి. ట్రిప్ టోపీ కూడా మరచి గోడ దగ్గరికి పరిగెత్తాడు.

పేరు ఇప్పటికీ అక్కడే ఉంది, పై నుంచి ఐదోది. ఎప్పుడైనా అటు వెళ్తే, తియోదోరు లోంబాను ఒక్కసారి తలుచుకోండి. అతను పారిపోలేదు.