ఎనిమిదో ట్రాకు

మంగళవారం. ఉదయం పదకొండూ ఇరవై.

బీరువా తాళం పగిలి ఉంది. లోపల నాలుగు అరల నిండా టేపు డబ్బాలు. మూడో అరలో ఒక డబ్బా పట్టేంత ఖాళీ.

ఇన్‌స్పెక్టర్ ఆ ఖాళీని చూసింది. పక్కనున్న డబ్బాలను చూసింది. ఆ తర్వాత సౌండ్ ఇంజినీర్ని చూసింది. ఈ మూడింట్లో ఆవిడకి బొత్తిగా నచ్చనిది మూడోదే.

స్టేషన్లో ఆవిణ్ణి వెనకాల చిరాకమ్మ అంటారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. అబద్ధమైతే కదా కోప్పడటానికి!

"పోయింది ఒక్క టేపేనా?"

"ఒక్కటేనా అంటారేంటి మేడమ్! బొంగురాయన కచేరీ. లైవ్ రికార్డింగ్. ఇలాంటిది ఇంకోటి లేదు, ఉండదు."

"ఎవరీ బొంగురాయన?"

ఇంజినీర్ ఆవిడ వైపు జాలిగా చూశాడు. ఆ చూపుని ఆవిడ అతని ఖాతాలో రాసుకుంది.

"బ్లూస్ పాడతాడు మేడమ్, అమెరికా నల్లవాళ్ళ దిగులు పాటల తీరు. నలభై ఏళ్ళ నుంచీ పాడుతున్నాడు. ఒక్క రికార్డూ లేదు. స్టూడియోకి రమ్మంటే, అద్దాల గదిలో గోడలకి పాడమంటావా అని నన్నే తిట్టాడు. ఇన్నాళ్ళకి గొంతులో జబ్బని తేలింది. గొంతుపెట్టె తీసేయాలన్నారు. సరే, ముందురోజు ఒక్క కచేరీ రికార్డు చేసుకోమన్నాడు. మొన్న కాదు, అటు మొన్న శనివారం. సాయంత్రం నాలుగు నుంచి అయిదున్నర. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఆపరేషన్."

"అంటే ఇంక పాడలేడు."

"పాటెక్కడిది, మాటే లేదు. పలక మీద రాస్తాడు."

పక్కన హెడ్ కానిస్టేబుల్ "అయ్యో పాపం" అన్నాడు. ఆయనకి ప్రతి కేసులోనూ ఎవరో ఒకరు పాపమే.

"జనం ఫోన్లలో ఉండదా?"

"ఛాన్సే లేదు. గేటు దగ్గరే అందరి ఫోన్లూ తీసుకుని పెట్టెలో వేయించి తాళం పెట్టించాను. మధ్యలో ఎవడి ఫోనో మోగితే నా రికార్డింగ్ ఏం కావాలి?" అన్నాడు ఇంజినీర్, గొప్పగా.

"అప్పుడు మీరెక్కడున్నారు?"

"స్టేజీ వెనక గదిలో, మెషిన్ ముందు. గంటన్నరా హెడ్‌ఫోన్లు తియ్యలేదు. ఆ గదికి కిటికీ కూడా లేదు. మాకు కళ్ళతో పనేంటి మేడమ్, అంతా చెవులే."

"గొంతెలా వచ్చింది?"

"అద్భుతం! మొదటి పాట నుంచి చివరి పాట దాకా మీటర్లో ఒకటే లెవెల్. సూది కదిలితే ఒట్టు."

"తర్వాత టేపు విన్నారా?"

"లేదు. ఆరుంపావుకి తెచ్చి ఇందులో పెట్టాను. మళ్ళీ తియ్యలేదు. ఇవాళ వాళ్ళమ్మాయి అడిగితే తొమ్మిదింటికి వచ్చి చూశాను. ఇదీ సంగతి."

ఇన్‌స్పెక్టర్ డబ్బాల దగ్గరికి వెళ్ళింది. అన్నిటి మీదా ఏళ్ళనాటి దుమ్ము. వేటి మీదా పేర్లు లేవు. ఉత్త నంబర్లు.

"పేర్లు రాయరా?"

"రాస్తే దొంగలకి సులువైపోదూ! ఏ నంబరు ఏ కచేరీయో ఈ రిజిస్టర్లో ఉంటుంది. ఇది నా జేబు దాటి బయటికి రాదు."

ఇన్‌స్పెక్టర్ మొదటిసారి అతని వైపు కాస్త ముద్దుగా చూసింది. తన గొయ్యి తనే తవ్వుకునే మనుషులంటే ఆవిడకి ఎప్పుడూ ముద్దే. పోలీసులకి ఎంత పని తగ్గుతుంది!

"ఎవరి మీదైనా అనుమానమా?"

"చెవులాయన. లైవ్ రికార్డులంటే పడి చస్తాడు."

కింది అర చివర ఒక డబ్బా రవ్వంత ముందుకొచ్చి ఉంది. ఇన్‌స్పెక్టర్ దాన్ని ముట్టుకోలేదు.

"గదికి సీలు వెయ్యి. నేను చెప్పేదాకా ఈయన కూడా లోపలికి రాకూడదు," అంది హెడ్‌తో.

*

మధ్యాహ్నం రెండుంపావు. చెవులాయన ఇల్లు.

చెవులాయన వృత్తికి పళ్ళ డాక్టరు. వ్యసనానికి రికార్డులు. హాలు నాలుగు గోడలకీ రికార్డులే. కూర్చోవడానికి మిగిలింది ఒకే కుర్చీ. అందులో ఆయనే కూర్చున్నాడు.

"స్టూడియో పాట అంటే శవానికి పౌడరు రాయడం మేడమ్. లైవ్ అంటే లైవే! పాడేవాడు తప్పు చేస్తాడు. తప్పు చేసి నవ్వుతాడు. ఎదురుగా ఎవడో అరుస్తాడు. ఆ అరుపుకి పాట దారి మార్చుకుంటుంది!"

"మా స్టేషన్లో రోజూ అరుపులే. వచ్చి రికార్డు చేసుకోండి."

"మీకు అర్థం కాదులెండి."

"ఈ బ్లూస్‌లో చెప్పిందే రెండుసార్లు చెప్తాడట. ఎందుకు? వినేవాళ్ళకి చెవుడా?"

"మొదటిసారి మనకి చెప్తాడు. రెండోసారి తనకి చెప్పుకుంటాడు."

పళ్ళ డాక్టరుకి ఇది కొంచెం ఎక్కువే అనుకుంది ఇన్‌స్పెక్టర్. ఆయన అప్పటికే ఒక రికార్డు పెట్టేశాడు. చప్పట్లు. కేకలు. మధ్యలో పొడుగాటి ఈల.

"విన్నారా ఆ ఈల? ఆ క్షణం మళ్ళీ రాదు!"

ఇంకోటి పెట్టాడు. వేరే ఊరు, వేరే గాయని. చప్పట్లు. ఈల. "అబ్బ! ఒళ్ళు జలదరించడం లేదూ?"

మూడోది పెట్టాడు. హెడ్ కానిస్టేబుల్ గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్, ఈలేసేది ఒక్కడేనండీ. చివర్న టక్కున తెగుతోంది. మూడింట్లోనూ అక్కడే తెగింది."

చెవులాయన మళ్ళీ పెట్టాడు. మళ్ళీ విన్నాడు. ముప్ఫై ఏళ్ళ పరవశం ముఖం మీద నుంచి మెల్లిగా దిగిపోయింది.

"మళ్ళీ రాని క్షణం మూడుసార్లు వచ్చిందన్నమాట," అంది ఇన్‌స్పెక్టర్. "రికార్డు చేసిందెవరు?"

"మూడూ... మన ఇంజినీరే."

"హాల్లో వేరే మైకు పెట్టి చప్పట్లు రికార్డు చెయ్యరా?"

"చేస్తారు. ఎనిమిది ట్రాకుల టేపు అది. ఒక్కో మైకుకి ఒక్కో ట్రాకు. ఎనిమిదోది జనానిది. పై నుంచి వేలాడదీస్తారు."

అంటే అతగాడు జనం ట్రాకు పారేసి, పాత చప్పట్లు అతికిస్తున్నాడు. లైవ్ అట, లైవ్! ఇన్‌స్పెక్టర్‌కి నవ్వొచ్చింది. ఆపుకోలేదు కూడా.

"కచేరీలో మీరెక్కడ కూర్చున్నారు?"

"ముందు వరస, మధ్యలో. సరిగ్గా ఆ మైకు కింద." చెవులాయన గొంతు మారింది. "చివరి పాటకి ఆయన మైకు పక్కకి తోసేశాడు మేడమ్. స్టేజీ దిగి కుర్చీల మధ్యకి వచ్చాడు. నా భుజం మీద చెయ్యేసి పాడాడు. అంతకుముందు ఎప్పుడూ పాడని పాట. అక్కడికక్కడ కట్టాడు."

"మైకు లేకుండా? ఎంతసేపు?"

"ఏడెనిమిది నిమిషాలు."

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్‌లో ఒక పేజీ వెనక్కి తిప్పింది. 'ఒకటే లెవెల్. సూది కదిలితే ఒట్టు.' దాని కింద గట్టిగా గీత గీసింది.

*

సాయంత్రం అయిదు. బొంగురాయన కూతురి టైలరింగ్ షాపు.

ఆమె మెడలో కొలతల టేపు వేలాడుతోంది. మిషన్ మీద సగం కుట్టిన చొక్కా.

"నాన్న ఆపరేషన్‌కి ఒప్పుకోలేదు మేడమ్. పాడకుండా బతికేం లాభం అన్నారు. నేనే బతిమాలాను. మీ గొంతు ఎక్కడికీ పోదు నాన్నా, టేపులో ఉంటుంది, నాదీ పూచీ అన్నాను. ఆ మాట మీదే సంతకం పెట్టారు." ఆమె చొక్కా అంచు నలిపేస్తోంది. "రోజూ పలక మీద ఒకటే రాస్తున్నారు. టేపు ఏదీ అని. భద్రంగా ఉంది నాన్నా అంటున్నాను. గురువారం డిశ్చార్జి. ఇంటికి రాగానే పెట్టమంటారు. ఏం పెట్టను? అబద్ధం చెప్పి మా నాన్న గొంతు కోయించిన దాన్నయ్యాను."

ఇలాంటప్పుడు అనడానికి ఇన్‌స్పెక్టర్ దగ్గర రెండు మూడు వెటకారాలు సిద్ధంగా ఉంటాయి. ఒక్కటీ రాలేదు. దాంతో ఇంకా చిరాకేసింది.

"కచేరీకి ముందు మైకు టెస్టింగ్ చేశారా?"

"మూడున్నరకి. అప్పుడే నాన్నకి దగ్గు తెర వచ్చింది. ఇంజినీర్ లోపల్నుంచి అరిచాడు, నా చెవులు పగిలిపోతున్నాయి అని."

"తర్వాత హాల్లో గొంతు వినబడిందా?"

"బ్రహ్మాండంగా. హాలు స్పీకర్లకి వేరే వైరు ఉందన్నారు."

ఇన్‌స్పెక్టర్ లేచింది. "గురువారం పదకొండింటికి నువ్వొక్కదానివే స్టూడియోకి రా."

"టేపు దొరికిందా మేడమ్?"

"రమ్మన్నాను. దొరికిందన్నానా?"

*

గురువారం. పదకొండూ అయిదు.

కూతురు ఒక్కతే రాలేదు. బొంగురాయన కూడా వచ్చాడు. మెడ చుట్టూ కట్టు. చేతిలో పలక.

"టాక్సీ ఎక్కగానే పలక మీద స్టూడియో అని రాశారు మేడమ్. ఇంటి దగ్గర దిగనే దిగలేదు," అంది కూతురు.

ఇన్‌స్పెక్టర్ పళ్ళు కొరికింది. తను అనుకున్నది తప్పయితే ఈ మనిషి ముందే తప్పవ్వాలి. ఇక చేసేదేం లేదు.

ఇంజినీర్, చెవులాయన చెరో మూల నిలబడ్డారు. ఆవిడ బీరువా తెరిచింది.

"అన్నీ ఒక్కలాంటి డబ్బాలు. ఉత్త నంబర్లు. రిజిస్టరు ఇంజినీర్ గారి జేబులో. మరి బయటి దొంగ నాలుగు వందల డబ్బాల్లో సరిగ్గా ఈ ఒక్కటే ఎలా తీశాడు? వాసన చూసా?"

ఇంజినీర్ చెయ్యి జేబు మీదికి వెళ్ళింది.

"ఏళ్ళనాటి దుమ్ము. అందులో చెయ్యి పడిన చోట్లు రెండే. ఒకటి ఈ ఖాళీ. రెండోది ఇదీ." కింది అర చివరి డబ్బా లాగింది. ఎనభై ఏడో నంబరు. మూత మీద నాలుగు వేళ్ళు, స్పష్టంగా. మూత తీసింది. లోపల టేపు చక్రం మీద నంబరు నాలుగు వందల పన్నెండు. "రిజిస్టర్లో ఈయన కచేరీకి ఉన్న నంబరు," అంది.

"అదే!" అన్నాడు చెవులాయన.

కూతురు రెండు చేతులతో నోరు మూసుకుంది.

"మీరు నాతో ఏమన్నారు? గొంతు ఒకటే లెవెల్ అన్నారు," అంది ఇన్‌స్పెక్టర్ ఇంజినీర్‌తో. "చివరి పాట ఈయన మైకు వదిలేసి హాల్లోకి దిగి పాడాడు. హెడ్‌ఫోన్లలో గొంతు దూరమైపోవాలి. మీకది తెలియలేదు. ఎందుకంటే నువ్వు విననే లేదు." మీరు నుంచి నువ్వుకి దిగడానికి ఆవిడకి ఒక్క వాక్యం చాలు. "టెస్టింగ్‌లో ఈయన దగ్గాడు. నీ నాజూకు చెవులు నొచ్చాయి. గొంతు ట్రాకు మీట కిందికి లాగేశావు. మళ్ళీ పైకి తొయ్యడం మర్చిపోయావు. గంటన్నర! ఏం చేస్తున్నావక్కడ?"

"ఆ శనివారం నాలుగింటికి మ్యాచ్ ఉందండీ," అన్నాడు హెడ్ కానిస్టేబుల్, గోడకేసి చూస్తూ.

ఇంజినీర్ కుర్చీలో కూలబడ్డాడు. "చివరి ఓవర్లు మేడమ్..."

అందరి ఫోన్లూ పెట్టెలో పెట్టించిన మహానుభావుడు తన ఫోన్లో మ్యాచ్ చూశాడు! ఇన్‌స్పెక్టర్‌కి అసహ్యం వేసింది. దొంగల్ని చూసినా ఆవిడకి అంత అసహ్యం వెయ్యదు. వాళ్ళు కనీసం పని మీద ధ్యాస పెడతారు.

"సోమవారం పెట్టి చూశాను," అన్నాడు ఇంజినీర్. "డ్రమ్ములున్నాయి, గిటారుంది. ఒకటో ట్రాకు ఖాళీ. ముప్ఫై ఏళ్ళ పేరు పోతుందని... తాళం నేనే పగలగొట్టాను. గొంతు లేదమ్మా. నిజంగా లేదు."

కూతురు తండ్రి వైపు చూడలేకపోయింది. బొంగురాయన చేతిలో బలపం పలక మీద ఆగిపోయింది.

"ఎనిమిదో ట్రాకు విన్నావా?" అంది ఇన్‌స్పెక్టర్.

"అదెందుకు మేడమ్? అంతా చెత్త. కుర్చీలు, దగ్గులు, జనం గోల. నేనెప్పుడూ వినను. చప్పట్లు నా దగ్గర వేరే ఉన్నాయి."

"తెలుసు. ఈలతో సహా."

చెవులాయన నేల చూపులు చూశాడు.

"అన్నీ మూసెయ్. ఎనిమిదోది ఒక్కటే తెరువు. చివరి పాట."

చక్రాలు తిరిగాయి. ముందు ఉత్త గోల. కుర్చీ ఈడ్చిన చప్పుడు. ఎవరో "బాత్రూం ఎటండీ?" అన్నారు. టేపులోనే చెవులాయన "ఆహా, ఆహాహా" అన్నాడు, పాట మొదలవకుండానే. ఇంజినీర్ చూశారా అన్నట్టు చేతులు తిప్పాడు.

అప్పుడు అడుగుల చప్పుడు. దగ్గరికి. ఇంకా దగ్గరికి. ఆ వెనకే గొంతు. గరగరలాడుతూ, సరిగ్గా మైకు కిందికి వచ్చి నిలబడింది.

డాక్టరు నా గొంతడిగాడు, ఇస్తానన్నాను.
డాక్టరు నా గొంతడిగాడు, సరే ఇస్తానన్నాను.
రేపు పొద్దున రమ్మన్నాడు, ఈ సాయంత్రం నాదేనన్నాను.

రెండోసారి అదే మాట అన్నప్పుడు అది వేరే మాటలా ఉంది. ఇన్‌స్పెక్టర్‌కి అర్థమైంది. అర్థమైనందుకు పళ్ళ డాక్టరు మీద ఒళ్ళు మండింది.

టేపులో పాట ఆగింది. దగ్గు. పొడుగాటి, గుండె పట్టేసే దగ్గు. ఎవరో "మెల్లిగా పెద్దాయనా, మేమెక్కడికీ పోం" అన్నారు. ఆ దగ్గులోంచే ఆయన నవ్వాడు. నవ్వులోంచే మళ్ళీ పాట అందుకున్నాడు.

కూతురు నేల మీద కూర్చుండిపోయి ఏడుస్తోంది. బొంగురాయన ఒక చెయ్యి ఆమె తల మీద వేశాడు. పెదవులు పాటతో పాటు కదులుతున్నాయి. చప్పుడు లేదు.

"నీ మైకు పనిచేసి ఉన్నా ఈ పాట అందులో పడేది కాదు," అంది ఇన్‌స్పెక్టర్. "అది స్టేజీ మీద ఉంది. ఈయన నీ చెత్త కింద నిలబడ్డాడు. తప్పుడు ఫిర్యాదు కేసు రాస్తున్నాను. పద."

ఇంజినీర్ తడబడ్డాడు. కానీ ముప్ఫై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా! "మేడమ్, ఒక్కరోజు టైమివ్వండి. శుభ్రం చేసిస్తాను. ముఖ్యంగా ఆ దగ్గు. అది కోసేశామంటే..."

టక్, టక్. బొంగురాయన బలపంతో పలక మీద కొట్టాడు. రాశాడు. అందరికీ కనబడేలా పైకెత్తాడు.

'దగ్గు ఉంచు. అదీ నా గొంతే.'

హెడ్ కానిస్టేబుల్ ఇంజినీర్ భుజం మీద చెయ్యేశాడు. "తీసుకెళ్ళమంటారా మేడమ్?"

ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆగు. ముందు మొదటి నుంచి పెట్టమను," అంది. "ఏదీ కొయ్యకుండా."