సగం కోసిన బోల్టు

లారీ షెడ్డులోకి దూసుకొస్తోంది... ఒక పక్కకి ఒరిగిపోయి!

పానక్క ఒక్క ఉదుటున పక్కకి దూకింది. ఆమె నిలబడ్డ చోటు మీదుగా టైరు దొర్లి, టూల్ బాక్సుని అప్పడం చేసి ఆగింది.

"కళ్లు నెత్తి మీద పెట్టుకుని తోలుతున్నావా?" ఆమె అరుపుకి షెడ్డు రేకులు అదిరాయి.

తలుపు తెరుచుకుంది. ముందుగా దిగింది మనిషి కాదు... తుపాకీ!

దాని వెనక గళ్ల చొక్కా. దాని పైన మూడు రోజుల గడ్డం.

"షట్టర్ దించు. అరిస్తే కాలుస్తా."

బయట వాన. చీకటి పడీ పడగానే రోడ్డు ఖాళీ అయిపోయింది. ఎదురుగా ఉన్న టైర్ల కొట్టు కూడా మూసేశారు. అరిచినా వినే నాథుడు లేడు.

షట్టర్ దించింది.

ఈ రోడ్డు మీద ఆమె అసలు పేరు ఎవరికీ తెలీదు. చేతిలోంచి పానా దిగదు కాబట్టి పానక్క అన్నారు, అదే ఖాయమైపోయింది. బెదిరింపులు ఆమెకి కొత్త కాదు. తుపాకీయే కొత్త.

"వెనక ఎడమ పక్క ఏదో తెగింది. పది నిమిషాల్లో బాగవ్వాలి. ఘాట్ ఎక్కాలి."

"పది నిమిషాల్లో టీ కూడా కాగదు."

తుపాకీ గొట్టం ఆమె కణతకి తగిలింది. చల్లగా!

ఆమె కళ్లు క్యాబిన్ వైపు తిరిగాయి. స్టీరింగ్ ముందు డ్రైవరు. వాడి మణికట్టు నైలాన్ తాడుతో స్టీరింగ్‌కి చుట్టేసి ఉంది.

వాడు తల తిప్పాడు.

తమ్ముడు!

నాన్న చనిపోయిన ఏడాదే ఈ షెడ్డు కోసం ఇద్దరూ కొట్టుకుని విడిపోయారు. ఆడదాని చేతికి పానా ఎందుకన్నాడు వాడు. ఆమె అదే పానా విసిరింది. ఆ తర్వాత ఎదురుపడితే ఎవరి దారి వాళ్లది. వాడు చచ్చినా చూడనని ఊరందరి ముందూ అనేసింది.

"ఏమ్మా మెకానిక్కూ, చూస్తావేంటి? పని కానీ!" తమ్ముడు కసిరాడు... ముక్కూ మొహం తెలియనట్టు!

ఆమెకి అర్థమైంది. తను అక్కనని తెలిస్తే ఈ తుపాకీవాడు తనని కూడా బందీ చేస్తాడని దాస్తున్నాడు. వెధవ! ఇన్నేళ్లకి తమ్ముడి బుద్ధి వచ్చింది. ఏడుపు తన్నుకొచ్చింది. మింగేసింది.

జాకీ ఎక్కించి, లారీ కిందికి దూరింది.

టార్చి వెలుగులో కమాను కట్ట కనిపించింది. ఇనుప పట్టీల దొంతర. దాన్ని ఇరుసుకి కట్టి ఉంచేవి రెండు యూ బోల్టులు. ఒకటి తెగి వేలాడుతోంది. రెండోది వదులు. ఇరుసు వెనక్కి జరిగిపోయింది. ఇలాగే ఘాట్ ఎక్కితే మొదటి మలుపులోనే లోయ!

"తెగింది మార్చి పంపించు," పైనుంచి గళ్ల చొక్కా.

"ఒకటి తెగితే రెండూ మార్చాలి."

"ఎవరు చెప్పారు?"

"లోయలో పడ్డవాళ్లు."

తన్నాడు. డొక్కలో! ఊపిరి ఆగినంత పనైంది. పళ్ల బిగువున నట్లు విప్పింది.

అప్పుడు వినిపించింది.

సరిగ్గా తల మీద... లారీ బాడీ చెక్కల్లోంచి... మూలుగు!

"నీళ్లు..."

ఆ గొంతు ఆమెకి తెలుసు. బాబాయి! తమ్ముడితో పాటు బండి మార్చి మార్చి తోలే రెండో డ్రైవరు. వాడికి స్టీరింగ్ పట్టడం నేర్పింది ఆయనే. ఆమెకి పానా పట్టడం నేర్పింది నాన్న అయితే, పట్టనివ్వమని నాన్నతో పోట్లాడింది ఈ బాబాయే.

ఇద్దరినీ పట్టుకున్నారన్నమాట!

రెండో బోల్టు లాగింది. ఇది తెగలేదు. కానీ వంపు దగ్గర ఏదో మెరిసింది. మట్టి తుడిచింది.

గాటు.

సన్నగా, తిన్నగా, తళతళా... రంపం గాటు!

తెగిన బోల్టు చూసింది. అదీ అంతే. సగం దాకా రంపం కోత, మిగతా సగమే విరిగింది. అరిగి విరిగిన ఇనుము ఇలా ఉండదు. ఎవరో కూర్చుని తీరిగ్గా కోశారు. ఈ షెడ్డు దరిదాపులకి వచ్చేసరికి తెగేటట్టు కోశారు!

దారిలో తుపాకీతో ఎక్కినవాడికి బండి కింద పడుకుని కోసే తీరిక ఎక్కడిది? బాబాయి మోకాళ్లు వంగవు.

మిగిలింది ఒక్కడు.

అరికాలి మంట నెత్తికెక్కింది.

'నువ్వారా? లోపల ఆ ముసలాయన్ని మూటకట్టి, తాడు చుట్టుకుని, నా ముందు నాటకమా?'

ఎందుకో మాత్రం అర్థం కాలేదు. తననే ఎందుకు వెతుక్కుంటూ రావాలి?

"ఎంతసేపు?" గళ్ల చొక్కా బూటు మళ్లీ కదిలింది.

"అవుతోంది!"

వదులుగా వదిలేయొచ్చు. ఇద్దరు దొంగలూ మొదటి మలుపులోనే లోయలోకి పోతారు. పీడా విరగడవుతుంది! కానీ చెక్కల పైన బాబాయి...

బిగించాల్సిందే. సరిగ్గా బిగించాల్సిందే.

ఇరుసుని ముందుకి నెట్టి, కమాను కట్ట అడుగున ఉన్న పిన్నుని ఇరుసు మీది గుంటలో కూర్చోబెట్టింది. కొత్త యూ బోల్టులు ఎక్కించింది. మరలకి నూనె రాసి, వాషర్లు వేసి, నట్లు వేళ్లతో తిప్పింది. జాకీ దించింది. లారీ బరువంతా ఇరుసు మీద కూర్చుంది. ఇప్పుడు అసలు బిగింపు. ఈ మూల కొంచెం... ఎదురు మూల కొంచెం... మళ్లీ ఇటు... మళ్లీ అటు.

"ఒక్కదాన్నే గట్టిగా తిప్పి పారెయ్యొచ్చుగా!"

"ఒక పక్కే లాగితే రెండో పక్క లేస్తుంది. నోరు మూసుకో!"

ఈసారి తన్నలేదు. ఆశ్చర్యపోయినట్టున్నాడు.

చాలినంత బిగిసిందని టార్క్ రెంచ్ చివరి నట్టు మీద టక్‌మంది. బయటికి పాకి వచ్చింది.

"అయిందా?"

"సగం అయింది. లోడు మీద బండి కదిలాక బోల్టు సర్దుకుని వదులవుతుంది. కాస్త ముందుకి తోలాలి. మళ్లీ బిగించాలి."

"కథలు చెప్తున్నావా?" తుపాకీ మీట వెనక్కి లాగాడు.

"నిజమేరా," క్యాబిన్‌లోంచి తమ్ముడి గొంతు. "మళ్లీ బిగించకపోతే ఘాట్ మీద మనం కూడా పోతాం."

మనం! ఆ మాట చెవిలో సీసం పోసినట్టు దిగింది.

పానక్క లారీ ముందుకి నడిచింది. షెడ్డు వెనక భాగంలో, చీకట్లో, కార్ల అడుగున పని చేయడానికి గుంత తవ్వించింది. తమ్ముడు విడిపోయాక తవ్వించింది కాబట్టి వాడికి తెలీదు. పైన చెక్కలు పరిచి ఉన్నాయి. వాటి మీద కారు ఆగుతుంది. లోడు లారీ ఆగదు.

చెయ్యి ఎత్తింది. ఎంత దొంగైనా డ్రైవరు డ్రైవరే... ఎదుట చెయ్యి ఊపితే కళ్లు మూసుకుని నమ్ముతాడు.

"రా... రా... ఎడమకి కొయ్యి... ఇంకా... రా!"

ఫెళ్!

చెక్కలు విరిగాయి! ముందు చక్రం గుంతలో దిగబడింది! లారీ మూతి నేలకి గుద్దుకుని, ఇంజన్ గుక్క తిప్పుకోలేక ఆగిపోయింది.

గళ్ల చొక్కా లారీ మెట్టు మీంచి కింద పడి లేచాడు.

క్యాబిన్ తలుపు బద్దలైనట్టు తెరుచుకుంది. తమ్ముడు దూకాడు... రెండు చేతులూ ఖాళీగా! తాడు స్టీరింగ్‌కే వేలాడుతోంది.

"ఏం చేశావే అక్కా! నా బతుకు బుగ్గి చేశావు కదే!"

"అక్కా?" గళ్ల చొక్కా నోరు తెరిచాడు.

ఇద్దరూ వాణ్ని పట్టించుకోలేదు. ఏళ్ల తరబడి దాచుకున్న పోట్లాట ఒక్కసారి కట్ట తెంచుకుంది.

"బోల్టులు కోసింది నువ్వే కదరా! ముసలాయన్ని లోయలో తోసి, బండిలో సరుకు మింగుదామనేగా?"

"అవును! అయితే?"

"మరి నా గడప ఎందుకు తొక్కావు? వేరే షెడ్డే లేదా?"

"నువ్వే కావాలి!" తమ్ముడు కాలర్ ఎగరేశాడు. "తమ్ముడు చచ్చినా చూడనని ఊరంతా చాటింది నువ్వేగా? నా చేతులు కట్టేసి, తుపాకీ పెట్టి తీసుకెళ్లారని అలాంటి అక్క చెప్తే... ఏ పోలీసు నమ్మడు? నువ్వు బతికుండి ఆ మాట చెప్పాలనే నీ దగ్గరికి వచ్చానే!"

"ఛీ! నా కోపాన్ని కూడా అమ్ముకుంటావురా?"

"అమ్ముకుంటా!"

"మరి ఎవరు తీసుకెళ్లారంటారు?"

ఆ ప్రశ్న పానక్కది కాదు.

షెడ్డులో ఒక్కసారిగా వాన చప్పుడు పెరిగినట్టయింది.

గళ్ల చొక్కా నెమ్మదిగా అడుగు ముందుకేశాడు. "మొహానికి గుడ్డ కట్టుకుంటానంటే వద్దన్నావు. టోల్ గేటు దగ్గర అనుమానం వస్తుందన్నావు. ఈవిడ నా మొహం తనివితీరా చూసింది." నవ్వాడు. ఆ నవ్వులో నవ్వు లేదు. "అంటే నువ్వు బందీవి. ఆమె సాక్షి. దొంగని నేనొక్కణ్నే!"

"అదికాదు... నేను చెప్పేది విను..." తమ్ముడు వెనక్కి జరిగాడు.

తుపాకీ లేచింది. గురి పానక్క మీద కాదు.

చచ్చినా చూడనన్న తమ్ముడు! పీడా విరగడైతే చాలనుకున్న తమ్ముడు! అయినా ఆమె కాలు దానంతటదే కదిలింది. వాడికి అడ్డం నిలబడాలని. ఒక్క అడుగు. అంతే దూరం.

ఆ అడుగు పూర్తి కాకముందే ఆమె భుజం మీద ఒక చెయ్యి పడింది.

తమ్ముడి చెయ్యి!

గట్టిగా పట్టుకుంది... లాగుతోంది... తనకి అడ్డంగా!

"లాగక్కర్లేదు కదరా..." అంది పానక్క. "వస్తున్నాగా."

ఢాం!