గంట మోగని పంటు

మార్లిస్ పొయ్యిలోంచి నిమ్మ కేకు పళ్ళెం తీసి బల్ల మీద పెట్టింది. చర్చి ఆడవాళ్లంతా ఏడాదికోసారి బస్సు మాట్లాడుకుని పొద్దున ఎక్కడికైనా వెళ్లి సాయంత్రానికి తిరిగొస్తారు. బస్సులో పంచే నిమ్మ కేకు మార్లిస్ వంతు. ఇరవై రెండేళ్లుగా కొలిచినట్టు కోసే ముక్కలు ఇవాళ వంకరగా తెగుతున్నాయి.

"ఈసారి ఎక్కడికన్నావ్?" కాఫీ తాగుతూ అడిగాడు భర్త ఆరిన్. తెలిసే అడిగాడు.

"పెరిన్ లాండింగ్."

"ఓహో, నది ఒడ్డు. పాత సామాన్ల కొట్లు చూసి, చెర్రీ పళ్లు పెట్టి కాల్చిన 'పై' తిని, ఆ తర్వాత పంటు మీద షికారన్నమాట. ఇంతకీ ఆ పంటు నడిపేదెవరో?"

"నోరు మూసుకుని కాఫీ తాగు, ఆరిన్."

"ఇవాళైనా వాళ్లకు నిజం చెప్పెయ్యవే. నాలుగేళ్లయింది."

చర్చిలో వాళ్లకు తెలిసినంతవరకు ఈ దంపతుల ఒక్కగానొక్క కూతురు బ్రిటా మినియాపోలిస్‌లో బ్యాంకు ఆఫీసరు. నాలుగేళ్ల కిందటిదాకా అది నిజమే. తర్వాత ఆ పిల్ల ఉద్యోగం వదిలేసి, మిసిసిపీ మీద కార్లనూ మనుషులనూ ఆవలి ఒడ్డుకు చేర్చే పంటులో పనికి చేరింది. తాళ్లు లాగింది, డెక్కు కడిగింది, పరీక్షలు రాసింది. ఈ వసంతంలో పంటు నడిపే సరంగు అయింది.

మార్లిస్ తండ్రి కూడా నది మీద కూలీయే. ఆయన బూట్ల బురద ఇల్లంతా అంటుకునేది. బడిలో పిల్లలు ఆమెను 'బురదకాళ్లు' అని పిలిచేవాళ్లు. అందుకే ఆమె పాతికేళ్లు బడి వంటింట్లో వండి కూతుర్ని చదివించింది. ఆ పిల్ల తిరిగి తిరిగి ఆ బురదలోకే వెళ్లింది.

నెల కిందట బ్రిటా ఉత్తరం రాసింది. "అమ్మా, పదో తారీఖు నా మొదటి రోజు. నువ్వు రావాలి. నువ్వు లేకపోతే కుదరదు." ఎందుకు కుదరదో రాయలేదు. మార్లిస్ ఆ ఉత్తరాన్ని వంటల వివరాలు రాసుకున్న కార్డుల డబ్బాలో అట్టడుగున పెట్టి మూతేసింది. పదో తారీఖున వెళ్లలేదు.

పెరిన్ లాండింగ్ వీధులన్నీ నది వైపు వాలి ఉంటాయి. ఆడవాళ్లు తొందర లేకుండా ఆ వాలు వెంట దిగారు. పాత గాజు సామాన్లు ఎత్తి చూశారు, దింపారు, ఏవీ కొనలేదు. చెర్రీ 'పై' తిన్నారు. తినేటప్పుడే మార్లిస్ మోకాలు పట్టుకుంది.

"నేనిక్కడే కూర్చుంటానే. మీరు పంటెక్కి రండి."

"పొద్దుటి నుంచీ మేకపిల్లలా నడిచావు, ఇప్పుడొచ్చిందా మోకాలి నొప్పి?" అని ఇర్మా ఆమె రెక్క పట్టుకుని లేపింది. ఈ షికారు ఏర్పాట్లన్నీ ఇర్మావే. ఒక్క మనిషి తక్కువైనా ఆమె ఒప్పుకోదు.

రేవు దగ్గర బ్రిటా నారింజ రంగు కోటు వేసుకుని మనుషుల్ని లెక్కపెడుతోంది. చదువుకని ఎప్పుడో ఊరు వదిలిన ఆ పిల్లను ఆడవాళ్లెవరూ గుర్తుపట్టలేదు. తల్లిని చూసి ఆమె ముఖం వెలిగింది. మార్లిస్ గబగబా నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, సంచీలో ఏదో వెతుకుతున్నట్టు తల దించింది.

బ్రిటా లెక్క ముగించి దగ్గరికి వచ్చింది.

"అమ్మగారూ, ఆ పసుపు గీత దాటకండి. కొంచెం వెనక్కి జరగండి," అంది. పరాయి వాళ్లతో మాట్లాడేటప్పటి గొంతు అది.

ఆవలి ఒడ్డున ఆడవాళ్లు ఫొటోల కోసం దిగారు. మార్లిస్ రేలింగు పక్కనే ఉండిపోయింది. బ్రిటా కేబిన్ మెట్లు దిగి వచ్చింది.

"మబ్బు పట్టి ఉంది కదమ్మా. ఆ అద్దాలెందుకు?"

"మెల్లగా మాట్లాడు. వింటారు."

"విననీ. నేనేమైనా దొంగతనం చేశానా?"

"బ్యాంకులో ఉండుంటే ఈ పాటికి..."

"బ్యాంకులో ఉన్న ఆరేళ్లలో నువ్వు ఒక్కసారైనా వచ్చావా? ఆ మహానగరానికి రావడానికి భయం, ఇక్కడికి రావడానికి సిగ్గు. ఎక్కడుంటే వస్తావో అది చెప్పు, అక్కడే ఉంటాను."

మార్లిస్ పెదవి కొరుక్కుంది. "మా నాన్న బతుకంతా ఈ నీళ్లకు ఊడిగం చేశాడే. ఏం మిగిలింది? బురద."

"నీళ్ల రంగు చూసి అడుగున ఇసుక ఎక్కడుందో చెప్పడం నాకు తాతయ్యే నేర్పాడు. నీకూ నేర్పే ఉంటాడు," అని బ్రిటా వెనక్కి తిరిగి మెట్లెక్కింది.

నేర్పాడు. యాభై ఏళ్లుగా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు మార్లిస్.

తిరుగు ప్రయాణంలో పంటు నది నడుమకు వచ్చేసరికి వంపు చాటు నుంచి పెద్ద సరుకు పడవల బారు వచ్చింది. ఒకదానికొకటి కట్టిన పదిహేను పడవలు. వాటికి ఆగడం చేతకాదు. ఆడవాళ్ల మాటలు టక్కున ఆగిపోయాయి. ఇర్మా రేలింగు గట్టిగా పట్టుకుంది. మార్లిస్ కళ్లద్దాలు తీసేసింది. కుడి వైపు నీళ్లు పాలిపోయి, పైన సన్నగా ముడతలు పడుతున్నాయి. కింద ఇసుక.

"ఎడమకి," అనుకుంది పెదాల మధ్యే. "కొంచెం ఎడమకి, తల్లీ. ఇంకొంచెం... ఇక ఆపు."

పంటు ఎడమకి తిరిగింది. ఇంకొంచెం తిరిగి, ఇంజను మెల్లగా గుర్రుమంటూ ప్రవాహానికి ఎదురొడ్డి నిలబడింది. పడవల బారు నిదానంగా పక్కనుంచి సాగిపోయింది. పంటు కాస్త ఊగింది, అంతే. కార్లలో ఎవరి కాఫీ కూడా ఒలకలేదు.

"అబ్బ, ఏం పిల్లే! గంట కొట్టాల్సిందే," అంటూ ఇర్మా డెక్కు మీద వేలాడే గంట తాడు అందుకోబోయింది. డెక్కు మీద పనిచేసే ముసలి డ్వేన్ అడ్డం వచ్చాడు.

"వద్దమ్మా. రేవు చేరేటప్పుడు మోగించే గంటే గాని, కొత్త సరంగు వస్తే ముందు కన్నతల్లి మోగించాలి. ఇక్కడ మొదటి నుంచీ అదే ఆనవాయితీ. మా కొత్త సరంగు మొదటి రోజు వాళ్లమ్మ రాలేదు. మూడు వారాలుగా గంటను ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదు. వస్తుంది, ఆగుదాం అంటోంది."

"అదేం తల్లో!" అంది ఇర్మా.

మార్లిస్ ఇర్మాను దాటుకుని గంట దగ్గరికి నడిచింది.

"తాడు ఇటివ్వు. ఆ తల్లిని నేనే."

ఇర్మా నోరు తెరిచింది. "నీ కూతురు బ్యాంకులో కదే?"

"బ్యాంకు మానేసి నాలుగేళ్లయింది. సిగ్గుపడి మీకు అబద్ధం చెప్పాను. ఇది నడుపుతోందే, అదే నా బ్రిటా. దీని తాత కూడా ఈ నది మనిషే. మా నాన్న."

తాడు లాగింది. మూడు వారాల మూగ గంట రేవంతా వినబడేలా మోగింది. ఆమె మళ్లీ లాగింది, మళ్లీ లాగింది.

"ఒకసారి చాలమ్మా," అన్నాడు డ్వేన్ నవ్వుతూ.

"పదో తారీఖు నుంచీ బాకీ," అంది మార్లిస్.

పైన కేబిన్ అద్దం వెనక బ్రిటా చుక్కాని మీద నుంచి చేతులు తీయలేదు. రేవు తగిలేదాకా తీయకూడదు. కళ్లు తుడుచుకునే వీల్లేక అలాగే కారనిచ్చింది. నది మనిషి కూతురు గనక మార్లిస్‌కు ఆ సంగతి తెలుసు. పడవ ఆగేదాకా కింద నిలబడి, ఆగాక మెట్లెక్కి వెళ్లి, తన చేతిరుమాలుతో తనే తుడిచింది. మిగిలిన నిమ్మ కేకు ముక్కల్లో వంకర లేనిది ఏరి కూతురి నోట్లో పెట్టింది.

"పుల్లగా ఉందే," అంది బ్రిటా వెక్కుతూనే.

"నోరు మూసుకుని తిను."

సరంగుతో ఫొటో దిగడానికి ఆడవాళ్లు కింద వరుస కట్టారు. అందరి కంటే ముందు ఇర్మాయే నిలబడింది. బస్సెక్కేటప్పుడు ఆమె మార్లిస్ కాళ్ల వైపు చూసి, "బూట్ల నిండా రేవు బురదేనే. తుడుచుకో," అంది.

మార్లిస్ వంగి చూసుకుంది. తుడుచుకోలేదు.

"ఉండనీ," అంది, ఆ కాళ్లతోనే బస్సెక్కుతూ. "ఆరిన్‌కి చూపించాలి."