గుర్రం మేడ

ఆర్.ఎస్. పురం వెనక సందులో మూతబడిన ఒక స్కాన్ సెంటర్ ఉంది. మావాళ్ళు దాన్ని గుర్రం మేడ అంటారు. చీకటి పడితే తాళం వేసిన పై గదిలో గుర్రం పరిగెత్తుతుందట. నేను నవ్వేవాణ్ణి. దర్శిని చెప్పాక మానేశాను.

దర్శిని మా వీధి పిల్ల, స్కాన్ తీసే కోర్సు చదువుతోంది. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకూడదని మొదటి రోజే నేర్పారట. ఆమె బావ సత్యరాజ్‌కి కావలసింది అదొక్కటే. ఒకప్పుడు ఆ మేడకి కడుపుతో ఉన్నవాళ్ళని తెచ్చి కమీషన్ తిన్న బ్రోకరు వాడు. ఆడపిల్లలని తెలిసి సొంత పెళ్ళాం, దర్శిని అక్క రంజనికే రెండుసార్లు అక్కడ కడుపు తీయించాడు. దొంగ తాళంచెవి ఇంకా వాడి దగ్గరే ఉంది, మిషను ఇంకా పై గదిలోనే ఉంది.

ఆ రాత్రి దర్శినిని జుట్టు పట్టి మెట్లమీద ఈడ్చుకెళ్ళాడు. పైన బల్లమీద మూడోసారి కడుపుతో ఉన్న రంజని... పెదవి చిట్లి గడ్డమంతా నెత్తురు.

"చూసి చెప్పు. ఆడదైతే ఈ రాత్రికే తీసేయిస్తాను."

దర్శిని చెప్పనంది. ఇనుప రాడ్డు నడుము మీద పడింది. రెండో దెబ్బకి చెవి చీలింది. అక్క బిడ్డ పోతుందన్న భయం ముందు ఆ నొప్పి తెలియలేదట.

చివరికి ఒప్పుకున్నట్టు నటించి మిషను ప్రోబ్ అక్క పొట్టమీద ఆనించింది. స్పీకర్లో బిడ్డ గుండె మోగింది — టకటక టకటక — అచ్చం గుర్రం పరుగే. సందులో జనం విన్నది ఈ దొంగ స్కాన్ల చప్పుడని దర్శినికి అప్పుడు అర్థమైంది.

క్లాసులో మేడం నేర్పినట్టు ఆ చప్పుడు రికార్డు చేసింది. మళ్ళీ మోగేలా మీట నొక్కి, ప్రోబ్ తీసి పక్కన పెట్టి, రెండు చేతులూ పైకెత్తింది.

గుర్రం పరిగెత్తుతూనే ఉంది...

"బావా," గుసగుసగా అంది, "మిషను అక్కని ముట్టలేదు. మరి ఇది ఎవురిది?"

వాడు పొట్టకేసి చూశాడు. ప్రోబ్‌కేసి చూశాడు. ఒక్కసారిగా రాడ్డెత్తి మిషన్ని బాదాడు — గాజు పగిలింది, నిప్పురవ్వలు లేచాయి, చప్పుడు ఆగిపోయింది.

అయినా వాడు చెవులు మూసుకున్నాడు. అరుస్తూ వెనక్కి వెనక్కి నడిచి మెట్లమీద నుంచి పడ్డాడు. మోకాలి కింద ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది. చేసుకున్నవాడికి చేసుకున్నంత అనుకున్నాను.

రంజని బిడ్డ క్షేమం. అక్కచెల్లెళ్ళు ఆ గదిలో మరే చప్పుడూ వినలేదు.

కానీ వాళ్ళకి తోడుగా నేను వెళ్ళిన ఆసుపత్రిలో సత్యరాజ్ పోలీసాయన చెయ్యి పట్టుకుని అడిగిన మాట నా చెవులతో విన్నాను.

"ఒకటి ఆగిపోయింది సార్... కడమ రెండు గుర్రాలూ ఏల ఆగలేదు?"