సున్నా అలుపు

2068 నాటికి నర్సుల అలసటకి కూడా ఒక అంకె వచ్చింది. గోదావరి ఒడ్డునున్న ఆ పెద్దాసుపత్రిలో ప్రతి సిస్టర్ మణికట్టుకీ ఒక పట్టీ ఉంటుంది. పేరు అలుపుమాపకం. చెమటలోని కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌నీ, నాడినీ, అడుగుల తడబాటునీ లెక్కగట్టి సున్నా నుంచి వంద దాకా చూపిస్తుంది. డెబ్బై దాటితే వార్డుకి మరో నర్సుని పంపాల్సిందే. అది చట్టం.

ఆ చట్టం కోసం యూనియన్ అధ్యక్షురాలు ఎస్తేరు పద్నాలుగేళ్లు పోరాడింది. ధర్నాలు చేసింది, సస్పెండయింది, చివరికి గెలిచింది. గెలిచి రెండేళ్లయినా ఒక్క పట్టీ డెబ్బై దాటితే ఒట్టు! నర్సులు నిలబడే కునుకు తీస్తుంటే పట్టీ ఇరవై మూడు అంటోంది. ఇంకేం, యాజమాన్యానికి పండగే. అలసటే లేనప్పుడు నర్సుకి ఆరు మంచాలేమిటి, పన్నెండు ఇద్దామంటూ కమిషన్‌కి అర్జీ పెట్టింది. విచారణ సోమవారం. ఎస్తేరుకి మూడు రోజులుగా అన్నం సయించడం లేదు.

శనివారం పొద్దున్నే ఆమె ఈ పట్టీలు తయారుచేసిన ఇంజనీరు వసీం దగ్గరికి వెళ్లింది.

"మీ యంత్రం తప్పు చెప్తోంది బాబూ."

"తప్పు చెప్పదండి సిస్టర్ గారూ. సున్నా ఎక్కడ పెట్టామో అక్కణ్ణుంచి కొలుస్తుందంతే."

"సున్నా అంటే?"

"అలుపు లేని నర్సు ఒంటి తీరండి. ఒకరిని కొలిచి పెట్టాం. ఆ ఒక్కరూ మీరే కదండీ."

ఎస్తేరుకి ఆ కొలత తీసిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు ఆమె వరసగా రెండు డ్యూటీలు చేసి తిన్నగా ల్యాబుకే వచ్చింది. వసీం పాత రికార్డు వినిపించాడు. "బాగా విశ్రాంతి తీసుకున్నారా?" అని యంత్రం అడిగింది. "ఆ, ఫర్లేదండి" అంది ఎస్తేరు గొంతు.

కాళ్లు పీకేస్తున్నా ఏ సిస్టరైనా అనే మాటే అది. యంత్రం దాన్ని అవునని రాసుకుంది. రాష్ట్రంలోని నలభై వేలమంది నర్సుల అలసటనీ తన అలసట మీద నుంచి కొలుస్తున్నారన్నమాట! ఆమెకి సిగ్గేసింది.

"దిద్దే దారి లేదా?"

"ఉందండి. సర్వీసులో ఉన్న సిస్టర్ ఒక్కరు పదిరోజులు తిని పడుకుని వస్తే చాలు. విచారణ వాయిదా అడుగుదాం."

మధ్యాహ్నమే యూనియన్ హాల్లో మీటింగు పెట్టింది. మూడొందలమంది వచ్చారు. ఎస్తేరు తన తప్పు దాచకుండా చెప్పి, "పదిరోజులు సెలవు ఎవరు పెడతారమ్మా?" అని అడిగింది.

ఐసీయూ సిస్టర్ నాగసులోచన లేచి, "సెలవు పెట్టినావిడ పేషెంట్లని ఎవరు చూస్తారండి?" అంది.

"నేను చూస్తా", "మా వార్డులోకి పంపండి" అంటూ హాల్లో చేతులన్నీ లేచాయి. నాగసులోచనదీ, ఎస్తేరుదీ కూడా.

ఎస్తేరుకి సోమవారం విచారణ గుర్తొచ్చి కంగారు పుట్టింది. "సరేనమ్మా, మరి సెలవు ఎవరి పేరున రాయను?"

చేతులన్నీ దిగిపోయాయి. అన్నిటికంటే ముందు దిగింది ఎస్తేరు చెయ్యే.